పడమటి చెట్టు

గన్‌ఫౌండ్రీ,
18 జూన్ 2024

హాసిని బిడ్డకు,

మొన్న నీ ఫోను వచ్చినప్పుడు "ఆ, ఆ" అన్నానే కానీ నువ్వు చెప్పినదాంట్లో సగం కూడా నా చెవికెక్కలేదు. డాక్టరు పెట్టించిన మిషన్‌లో ఆబిడ్స్ చౌరస్తా హారన్లన్నీ వినపడతాయి, మనుషుల మాట మాత్రం వినపడదు. అందుకే మళ్ళీ మన పాత పద్ధతికి వస్తున్నాను. ఉత్తరం వేయడానికి జీపీవో దాకా నడిస్తే మోకాళ్ళకూ మంచిదట. నువ్వూ కాగితం మీదే రాయి, హాస్టల్లో ఉన్నప్పుడు రాసేదానివి కదా, అలాగ.

ముందు నీ చెట్ల సంగతి. మార్చిలో వచ్చి బడి ఆవరణలోని మూడు నిద్రగన్నేరు చెట్లకూ సూదులు గుచ్చి, డబ్బాలు కట్టి పోయావు. అన్నీ క్షేమం. నేను రిటైరై ఎంత కాలమైనా బడి గేటు దాటి పోలేను కదా, లోపలికి వెళ్ళగానే ఆరో తరగతి పిల్లలు చుట్టూ మూగారు. "టీచర్, చెట్లకు సెలైన్ ఎందుకు ఎక్కిస్తున్నరు?" అని ఒకటే ప్రశ్న. "సెలైన్ కాదే. చెట్టు ఎంత నీళ్ళు తాగుతున్నదో చూసే మిషన్ అది. సూదిని జర వేడి చేస్తది. కాండంలో పైకి పోయే నీళ్ళు ఆ వేడిని ఎంత జల్ది మోసుకపోతే చెట్టు అంత మంచిగ తాగుతున్నట్టు" అని చెప్పాను. ఒక పిల్ల వెంటనే తన చేయి చాపి "నాకు గుచ్చున్రి, నేను రోజంత తాగుతలేనని మా అమ్మ తిడుతది" అన్నది. నువ్వు ఆ వయసులో ఇలాగే ఉండేదానివి.

ఇంకొకటి. మే నెలలో బడి నీళ్ళ పైపు పగిలింది. పడమటి వైపు చెట్టు చుట్టూ ఉన్న సిమెంటంతా పగలగొట్టి పైపు బాగు చేశారు. మళ్ళీ సిమెంటు వేస్తామని పోయినవాళ్ళు ఇంతవరకు రాలేదు. ఎర్రమట్టి బయటపడి ఉంది. వానకు బురదవుతున్నదని వాచ్‌మన్ పోచయ్య రోజూ తిట్టుకుంటున్నాడు. నీ పరికరాలకేమైనా ఇబ్బంది ఉంటే చెప్పు, నేను మాట్లాడతాను. ఆ చెట్టు మాత్రం ఈసారి ఆకు దట్టంగా వేసింది. నాకు అలా కనపడుతున్నదో, నిజమో నీ లెక్కలే చెప్పాలి.

ట్రస్టు వాళ్ళు బడి ముందు భాగంలో ఏదో కాంప్లెక్సు కడతారని మాట వినపడుతున్నది. ఏ మాటా వినపడని నాకు ఇది మాత్రం ఎలా వినపడిందో!

ఎండలో టోపీ లేకుండా తిరగకు.

అత్తమ్మ


పుణె,
3 జూలై 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం మా ల్యాబ్‌లో పెద్ద వింతయిపోయింది. నా పక్కన పనిచేసే ప్రణయ్ స్టాంపులను సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. నేను మాత్రం ముందు పడమటి చెట్టు అన్న చోటికి దూకాను.

నీకు కనపడింది నిజం, డబ్బాలు ఇక్కడికి పంపే లెక్కలూ అదే చెప్తున్నాయి. ఏప్రిల్‌లో మూడు చెట్లూ ఒకే తీరున ఉండేవి. పొద్దెక్కకముందే ఆకుల రంధ్రాలు మూసేసుకునేవి. వేళ్ళకు నీరు అందనప్పుడు ఉన్న నీరన్నా ఆవిరై పోకుండా చెట్టు చేసేది అదే. కానీ రంధ్రాలు మూస్తే గాలి లోపలికి రాదు, గాలి రాకపోతే తిండి తయారు కాదు. అంటే దాహం తప్పించుకోవడానికి ఆకలితో ఉండడం. మన చెట్లు ఏళ్ళ తరబడి అలాగే బతుకుతున్నాయి.

ఇప్పుడు పడమటి చెట్టు మిట్టమధ్యాహ్నం కూడా తాగుతున్నది! మిగతా రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. వాన మూడింటి మీదా ఒకటే పడింది కదా. తేడా అల్లా సిమెంటే. అది తీసిన చోట నేలకు ఊపిరి వచ్చింది. జబ్బు చెట్టుది కాదు అత్తమ్మా, నేలది.

నమ్మలేక మొన్న ప్రణయ్‌ను పంపి ఆ చెట్టుకు సూదులన్నీ కొత్తవి వేయించాను. అదే ఫలితం. ముందు పరికరాన్ని అనుమానించు, తర్వాత చెట్టును నమ్ము అని తొమ్మిదో తరగతిలో నువ్వే చెప్పావు. పడమటి చెట్టు చుట్టూ ఎవరూ సిమెంటు వేయకుండా చూడు. పోచయ్యను బ్రతిమాలు, నా తరఫున.

ఇక్కడ తిండి బాగుంది అని రాస్తే నువ్వు నమ్మవు కనుక రాయను. నువ్వులపొడి పంపు.

నీ హాసిని


గన్‌ఫౌండ్రీ,
20 ఆగస్టు 2024

బిడ్డా,

నువ్వులపొడి పార్సిల్ విడిగా వస్తుంది. ఇది చదివి తొందరగా జవాబు రాయి.

కాంప్లెక్సు మాట నిజమే. మూడు చెట్లూ రోడ్డు వైపే ఉన్నాయి కనుక కొట్టేయడానికి అనుమతి కావాలని ట్రస్టు దరఖాస్తు పెట్టింది. "చెట్లు ముసలివైనయి, లోపల పుచ్చిపోయినయి, పిల్లల మీద పడతయి" అని రాశారట. అక్టోబర్‌లో నాంపల్లిలో చెట్ల కమిటీ విచారణ ఉంటుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పవచ్చు. నేను అభ్యంతరం రాసి ఇచ్చాను. పిల్లల తల్లులు కూడా కొందరు సంతకం చేశారు.

నేను రాసిచ్చిన కాగితం చూసి ట్రస్టు సెక్రటరీ కిషన్ నవ్వాడు. "మేడమ్, మీరెందుకు గిట్ల పరేషాన్ అవుతున్నరు? మేం సైంటిస్టులతోనే రిపోర్టు తీసుకుంటున్నం. మీ మేనకోడలు పనిచేసే ఇన్‌స్టిట్యూట్‌కే రాసినం. ఆమెనే వచ్చి చెప్తదట" అన్నాడు.

ఆ మాట వినగానే నా గుండెల మీది బండ దించినట్టయింది. వాళ్ళే పోయి నిన్ను పిలుచుకున్నారు చూడు! నీ దగ్గర ఏ లెక్కలున్నాయో ఆయనకు తెలియదు పాపం. ఇంటికి వస్తూ బడి గేటు దగ్గర తల్లులందరికీ చెప్పాను, "ఫికర్ వద్దు, రిపోర్టు ఇచ్చేది నా హాసినే" అని. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మే అతనికి కూడా చెప్పాను. అతనికి ఎందుకు చెప్పానో నాకే తెలియదు. సంతోషం ఎక్కువైతే నోరు ఆగదు.

వచ్చేటప్పుడు ముందుగా రాయి. నీ గది కడిగించి పెడతాను.

అత్తమ్మ


పుణె,
15 సెప్టెంబర్ 2024

అత్తమ్మా,

నువ్వులపొడి అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ పని చాలా ఎక్కువగా ఉంది. మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఉన్న పోస్టు ఒక్కటే, అది ఎవరికిస్తారన్నది మా డైరెక్టర్ చేతుల్లో ఉంది. ల్యాబ్‌లో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ తిరుగుతున్నాం.

రిపోర్టు సంగతి నిజమే. డైరెక్టర్ నాకే అప్పగించారు. ఇలాంటివాటిలో అడిగిన ప్రశ్నకే జవాబు రాయాలి. నేను రాయగలిగింది రాస్తాను. నువ్వు గేటు దగ్గర అందరికీ ముందే చెప్పకుండా ఉంటే బాగుండేది.

విచారణకు నువ్వు రానక్కరలేదు. మెట్లెక్కాలి, గంటల తరబడి కూర్చోబెడతారు, నీకు ఒక్క మాటా వినపడదు. చెప్పాల్సింది కాగితం మీద ఇచ్చావు కదా, చాలు.

నేను వచ్చేదీ లేనిదీ ఇంకా తెలియదు. గది కడిగించకు.

హాసిని


గన్‌ఫౌండ్రీ,
10 అక్టోబర్ 2024

హాసినీ,

మొన్న నాంపల్లిలో నిన్ను చూశాను.

నువ్వు రావద్దన్నావని నేను మానతానా? నువ్వు నా మోకాళ్ళ కోసమే అలా రాశావనుకున్నాను. ఆ ముందు రోజు మీ నాన్న కూడా వచ్చి "అక్కా, రేపు నువ్వు పోకు, బీపీ పెరుగుతది" అన్నాడు. వాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. తమ్ముడికి నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాను.

ఆటోలో వెళ్ళాను. మెట్ల దగ్గర పోచయ్య కనపడ్డాడు, ట్రస్టు ఫైళ్ళు మోసుకొచ్చాడట. "అమ్మా, మన చిన్నమ్మ గాడ ముందట కూసున్నది, మీరు సూడలేదా? పొద్దుగాల బండి దిగి సక్కగ గీడికే వచ్చిన్రు" అన్నాడు. నా మనసు ఎలా గంతులేసిందో నీకు రాయలేను. నాకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరచాలనుకున్నావని అనుకున్నాను. నువ్వు ఏమీ తినలేదేమోనని, సంచిలో సకినాలేమైనా ఉన్నాయా అని తడుముకున్నాను. నువ్వు కిషన్ పక్కన కూర్చున్నావు. వెనక్కి తిరిగి చూశావు. మన కళ్ళు కలిశాయి. నువ్వు ల్యాప్‌టాప్‌లోకి తల దించుకున్నావు.

ఆ రోజు నా చెవి మిషన్ ఒక్క మాట కూడా వదల్లేదు. నువ్వు లేచి, చెట్లు మూడూ తీవ్రమైన నీటి ఎద్దడిలో ఉన్నాయని, ఆకుల రంధ్రాలు తొందరగా మూసుకుంటున్నాయని, ఎదుగుదల ఆగిపోయిందని, కొమ్మలు విరిగే ప్రమాదం ఉందని చెప్పావు. తెర మీద గీతలు చూపించావు. అన్నీ ఏప్రిల్ గీతలే.

నా వంతు వచ్చినప్పుడు నేను లేచాను. "సార్, మే నెల తర్వాత పడమటి చెట్టు కోలుకున్నది. దాని చుట్టు సిమెంటు పగలగొట్టినంక నీళ్ళు తాగుతున్నది. మిగిలిన రెండింటికి కూడ సిమెంటు తీస్తే అవి కూడ బతుకుతయి" అన్నాను. ఛైర్మన్ "దానికి ఆధారం ఏందమ్మా?" అని అడిగాడు. "ఆధారం ఈ అమ్మాయి దగ్గరే ఉన్నది, అడగున్రి" అన్నాను. అప్పటికి కూడా నాకు నీ మీద అనుమానం లేదు. నీకు భయమైందేమో, నేను దారి తీస్తే చెప్తావనుకున్నాను.

ఆయన నిన్ను అడిగాడు. నువ్వన్నావు: "ఆ చెట్టు సెన్సర్‌లో లోపం ఉండొచ్చు సర్. ఆ రీడింగులు నమ్మలేం. మేడమ్‌కు చెట్ల మీద ప్రేమ ఎక్కువ. సైన్స్ ప్రేమ మీద నడవదు కదా."

కొందరు నవ్వారు. తల్లులు నా వైపు చూశారు. వాళ్ళు నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

నీ జూలై ఉత్తరం ఆ సంచిలోనే ఉంది, హాసినీ. సూదులన్నీ కొత్తవి వేయించాను, అదే ఫలితం అని నీ చేతిరాతతో ఉంది. నా వేళ్ళు దాని మీదే ఉన్నాయి. తీసి ఛైర్మన్ బల్ల మీద పెడితే చాలు. అందరి ముందూ నువ్వు అబద్ధమాడినట్టు తేలుతుంది, నీ ఉద్యోగం పోతుంది. తీయలేకపోయాను. కూర్చున్నాను.

ఆ సాయంత్రం నువ్వు ఇంటికి వస్తావేమోనని చూశాను. నాంపల్లి స్టేషన్ నుంచి మన ఇల్లు ఎంత దూరం?

నువ్వు మేడమ్ అన్న మనిషి,
నర్మద


పుణె,
24 అక్టోబర్ 2024

అత్తమ్మా,

ఇది రాయడానికి చాలా కాగితాలు చింపాను.

ఇంటికి రావాలనే అనుకున్నాను. నీ ముఖం చూడలేక స్టేషన్‌లోనే కూర్చుని బండెక్కాను. నాన్న టిఫిన్ తెచ్చి ఇచ్చాడు. ఆయనకు వారం ముందే చెప్పాను. "నౌకరి ముఖ్యం బిడ్డా, అక్కకు నేను నచ్చచెప్త" అన్నాడు. ఆయన మీద కోపం పెట్టుకోకు.

డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచి, ట్రస్టు అడిగింది చెట్ల ఇప్పటి స్థితి గురించి మాత్రమే, బాగు చేయడం గురించి కాదు అన్నారు. ఒక్క చెట్టు, ఒక్క వానాకాలం, దీని మీద ఎవరైనా సంతకం పెడతారా అన్నారు. అది పూర్తిగా తప్పు మాట కూడా కాదు. రేపు నిజంగానే ఒక కొమ్మ విరిగి ఏ పిల్ల మీదో పడితే, "కోలుకుంటుంది" అని రాసినదాన్ని నేనవుతాను. ఆ భయం నాకు నిజంగా ఉంది. సెన్సర్ మాట మాత్రం అనుకుని అన్నది కాదు. ఛైర్మన్ అడిగేసరికి నోటికి వచ్చింది.

ఆ ఉత్తరం బయటికి తీయనందుకు నీకు ఎన్ని సార్లు థ్యాంక్స్ చెప్పినా సరిపోదు. నువ్వు నన్ను అర్థం చేసుకున్నావు కనుకనే తీయలేదని నాకు తెలుసు. ఇంకెవరూ ఇంత చేయరు.

నాతో మాట్లాడు అత్తమ్మా.

నీ హాసిని


గన్‌ఫౌండ్రీ,
2 డిసెంబర్ 2024

హాసినీ,

అర్థం చేసుకుని ఆగలేదు. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులు కనుక ఆగాయి. దానికి నువ్వు థ్యాంక్స్ రాశావు.

శనివారం మూడు చెట్లూ కొట్టేశారు. పొద్దున మొదలుపెట్టి పడమటి చెట్టును చివరికి పెట్టుకున్నారు, అది లావు కనుక. నేను వెళ్ళాను. ఎవరో ఒకరు ఉండాలి కదా. రంపం నడిచినంతసేపూ మిషన్ చెవిలోంచి తీసి కొంగున ముడివేసుకున్నాను. మొద్దు అంతా తడిగా ఉండింది. పుచ్చు లేదు. పోచయ్య దాని మీద చేయి పెట్టి, తడిసిన అరచేయి నాకు చూపించి పోయాడు.

సాయంత్రమైంది. కొమ్మలన్నీ ఇంకా ఆవరణలోనే గుట్టలుగా పడి ఉన్నాయి. చీకటి పడుతుండగా వాటి ఆకులు, ఎప్పటిలాగే, ఒక్కొక్కటే ముడుచుకోవడం మొదలుపెట్టాయి. చేయి చాపి తనకు గుచ్చమన్న పిల్ల నా పక్కనే ఉంది. "టీచర్, దానికి కొట్టేసిన సంగతి ఇంక తెలవదా?" అని అడిగింది. ఆకు మొదట్లో ఉన్న చిన్న కీలులో కణాలు బతికున్నంతసేపు దాని గడియారం నడుస్తుందని నాకు తెలుసు. అది చెప్పాలనిపించలేదు. పాఠం చెప్పకుండా ఆ బడి నుంచి రావడం నాకు ఇదే మొదటిసారి.

చెట్ల కింద కూర్చుని అన్నం తినే పిల్లలు ఇప్పుడు వరండాలో నిలబడి తింటున్నారు. తల్లులు నన్ను చూస్తే పక్కకు తప్పుకోరు, నమస్కారం పెడతారు. నేనే వేరే సందులోంచి పోతున్నాను.

మీ నాన్నతో మాట్లాడడం లేదు.

నర్మద


పుణె,
10 జూలై 2025

అత్తమ్మా,

ఈ ఏడాది నేను రాసిన ఏ ఉత్తరానికీ జవాబు ఇవ్వలేదు. ఇది చదివితే ఇస్తావని నమ్మకం.

ఏప్రిల్‌లో నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. దాని కంటే పెద్ద సంగతి, మన చెట్ల మీద నా వ్యాసం అచ్చయింది. చాలా పేరున్న పత్రిక. దీంతోపాటు కాపీ పంపుతున్నాను. ఈసారి ఏదీ దాచలేదు. ఏప్రిల్ లెక్కలు, సిమెంటు తీశాక లెక్కలు, అక్టోబర్ దాకా అన్నీ ఉన్నాయి. చుట్టూ సిమెంటు తీస్తే నగరాల్లో ముసలి చెట్లు కూడా కోలుకుంటాయన్నదే అందులో ముఖ్యమైన మాట. రెండు ఊళ్ళ నుంచి అధికారులు అప్పుడే ఉత్తరాలు రాశారు, వాళ్ళ రోడ్ల పక్క చెట్లకు ఇలా చేసి చూస్తామని. ఆలోచించు అత్తమ్మా, పడమటి చెట్టు వల్ల ఎన్ని చెట్లు బతుకుతాయో!

చివరి పేజీ చూడు. కృతజ్ఞతల్లో మొదటి పేరు నీదే.

దసరాకు వస్తాను. ఈసారి ఇంటికే వస్తాను.

నీ హాసిని


గన్‌ఫౌండ్రీ,
22 జూలై 2025

హాసినీ,

వ్యాసం చదివాను. ఇంగ్లీషు కష్టమైన చోట డిక్షనరీ పెట్టుకుని మొత్తం చదివాను. బాగా రాశావు. నేను ఇంకా టీచరుగా ఉండి ఉంటే పిల్లలకు ఇది చూపించి ఒక పూటంతా పాఠం చెప్పేదాన్ని.

నాలుగో పేజీలో ఒక చోట ఆగాను. పడమటి చెట్టు సూదులను కొత్తవాటితో మార్చి చూశామని, రీడింగుల్లో ఏ లోపమూ లేదని, సందేహానికి తావు లేదని రాశావు. ఆ వ్యాసం మీద నీ పేరు ఉంది. అదే నోటితో నాంపల్లిలో సెన్సర్ చెడిపోయిందన్నావు.

అక్టోబర్‌లో నీకు భయమైందని, తొట్రుపాటులో నోరు జారిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. జవాబు రాయలేదు కానీ, ఏ రోజో రాయాలనే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. అక్టోబర్ దాకా ఆ లెక్కలు జాగ్రత్తగా తీస్తూనే ఉన్నావు. ఆ హాలులో నిలబడ్డ రోజు కూడా నీ మిషన్ ఆ చెట్టు దగ్గర రాసుకుంటూనే ఉంది. నీకు దాని మీద ఒక్క క్షణం కూడా అనుమానం లేదు. చెట్టు నిలబడి ఉన్నప్పుడు ఆ నిజం చెప్తే ఉద్యోగం పోయేది. పడిపోయాక చెప్తే పేరు వచ్చింది. రెండు సార్లూ నీకు ఏది లాభమో అదే చేశావు. రెండో సారి చేసింది మంచి పని కూడా అయింది. వేరే ఊళ్ళలో చెట్లు బతికితే సంతోషిస్తాను, అబద్ధం చెప్పను.

కృతజ్ఞతల్లో నా పేరు చూశాను. నన్ను అడిగి ఉంటే వద్దనేదాన్ని. అచ్చయిపోయింది కనుక చేయగలిగేదేమీ లేదు.

దసరాకు రా. తలుపు వేయను. మీ నాన్న కూడా ఈ మధ్య వచ్చిపోతున్నాడు, టీ తాగుతాడు, పోతాడు. నీకు అన్నం పెడతాను, నీకిష్టమైన కూర చేస్తాను, గది కడిగిస్తాను. నా దగ్గర ఒక్క మాట మాత్రం ఎత్తకు. ఆకు గురించి, వేరు గురించి, నీళ్ళ గురించి, నీ పని గురించి నాతో మాట్లాడకు. అక్షరాలు రాని రోజుల నుంచి నువ్వు నాతో మాట్లాడింది ఆ ఒక్క సంగతే. అది తీసేస్తే మనకేం మిగులుతుందో నాకూ తెలియదు. చీరల గురించి మాట్లాడుకుందాం. కూరగాయల ధరల గురించి, ఎవరికి పెళ్ళి కుదిరిందన్నదాని గురించి మాట్లాడుకుందాం. అందరి ఇళ్ళలో అత్తలూ కోడళ్ళూ అలాగే మాట్లాడుకుంటారు, రోజులు గడుస్తాయి.

ఏ బండికి వస్తున్నావో మీ నాన్నకు చెప్పు. వాడే స్టేషన్‌కు వస్తాడు.

అత్తమ్మ